జాడ తెలియని టార్పెడో: బాల్టిక్ నుంచి విశాఖ దాకా

జలాంతర్గామి వదిలే టార్పెడో నీటి కింద తనంతట తానే నడిచే ఆయుధం. ముక్కు భాగంలో పేలుడు పదార్థం, దాని వెనుక శక్తినిచ్చే భాగం, ఆ వెనుక లోతును, దిశను అదుపులో ఉంచే యంత్రాలు, తోక దగ్గర రెండు ప్రొపెల్లర్లు ఉంటాయి. ఒకటి కుడికి, మరొకటి ఎడమకు తిరగడం వల్ల టార్పెడో పక్కకు దొర్లిపోకుండా నిలకడగా సాగుతుంది. శక్తినిచ్చే భాగంలో గాలి, ఇంధనం బదులు బ్యాటరీలు, ఇంజన్ బదులు మోటారు ఉంటే అది విద్యుత్ టార్పెడో. ఈ మార్పు వల్ల వేగం తగ్గింది, దూరం తగ్గింది. అయినా రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ, ఆ తర్వాత అమెరికా దాన్నే ఎక్కువగా నమ్ముకున్నాయి. యుద్ధం ముగిశాక అనేక నౌకాదళాలు ఆ దారి పట్టాయి. మన దేశంలో ఆ ఆయుధానికి ప్రయోగశాల, కర్మాగారం, పరీక్షలు జరిపే సముద్రం, మూడూ విశాఖపట్నంలోనే ఉన్నాయి.

రాబర్ట్ వైట్‌హెడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1866లో ఏడ్రియాటిక్ తీరంలోని ఫ్యూమేలో తొలి స్వయంచాలక టార్పెడోను తయారు చేశాడు. అది ఒత్తిడితో నింపిన గాలితో నడిచింది. తర్వాతి తరం టార్పెడోలలో ఆ గాలిలో ఇంధనాన్ని మండించి, నీళ్లు చిమ్మి, పుట్టిన ఆవిరితో ఇంజన్‌ను తిప్పారు. వేగం, దూరం బాగా పెరిగాయి. కానీ మండగా మిగిలిన వాయువులు, ముఖ్యంగా నీటిలో కరగని నత్రజని, బుడగలై పైకి తేలేవి. పగటిపూట సముద్రం మీద తెల్లటి గీత గీసినట్లు కనిపించేది. ఆ గీతను చూసిన కావలివాడు కేక వేస్తే కెప్టెన్ ఓడను మళ్లించగలడు. అంతకంటే పెద్ద ప్రమాదం జలాంతర్గామికే. గీత ఎక్కడ మొదలైందో అక్కడే శత్రువు దాగి ఉన్నాడని రక్షక నౌకలకు తెలిసిపోయేది. దాగి ఉండటం ఒక్కటే బలమైన నౌకకు తన ఆయుధమే ఆనవాలు పట్టించడం చిన్న లోపం కాదు.

కరెంటుతో టార్పెడోను నడపాలన్న ఆలోచన 19వ శతాబ్దంలోనే ఉంది. అమెరికాలో సిమ్స్-ఎడిసన్ టార్పెడోకు ఒడ్డు నుంచి తీగ ద్వారా కరెంటు పంపేవారు. తీరరక్షణకు పరీక్షించడానికి అది సరిపోయింది గాని సముద్రం మధ్యలో పోరాడే జలాంతర్గామికి పనికిరాలేదు. టార్పెడో లోపలే బ్యాటరీ పెట్టే పని మొదటి ప్రపంచయుద్ధం చివర్లో జర్మనీలో మొదలైంది. అది ఫలించేలోపు 1918లో యుద్ధం ముగిసింది. జర్మనీ జలాంతర్గాములు ఉంచుకోరాదని వెర్సాయ్ సంధి నిషేధించింది. అయినా పని ఆగలేదు. జర్మన్ ఇంజనీర్లు స్వీడన్‌లో రహస్యంగా ప్రయోగాలు కొనసాగించి 1929 నాటికి నమూనాను సిద్ధం చేశారు. 1930ల మధ్యలో హిట్లర్ ప్రభుత్వం మళ్లీ జలాంతర్గాములు కట్టడం మొదలుపెట్టేసరికి ఆయుధం చేతిలో ఉంది. దాని పేరు జీ7ఈ. పేరులోని '7' అంకె ఏడు మీటర్ల పొడవును, చివరి 'ఈ' అక్షరం విద్యుత్తును సూచిస్తాయి.

జీ7ఈని కాస్త దగ్గరగా చూడాలి. ఆ తర్వాత వచ్చిన కష్టాలన్నిటి మూలం అందులోనే ఉంది. పొడవు 7 మీటర్ల పైచిలుకు, వ్యాసం 53 సెంటీమీటర్లు, బరువు సుమారు 1,600 కిలోలు, ముక్కులో 280 కిలోల పేలుడు పదార్థం. నడుం భాగమంతా సీసం-ఆమ్లం బ్యాటరీలు. మోటారు శక్తి సుమారు 100 హార్స్‌పవర్. వేగం 30 నాట్లు (ఓడల వేగానికి కొలత నాట్), దూరం 5,000 మీటర్లు. అంటే ఐదున్నర నిమిషాలకు కాస్త తక్కువలో బ్యాటరీ తన శక్తినంతా కక్కేయాలి. అదే కాలపు ఆవిరి టార్పెడో జీ7ఏ 44 నాట్ల వేగంతో పోగలిగేది. కిలోమీటరు దూరంలోని ఓడను అది 44 సెకన్లలో చేరితే, విద్యుత్ టార్పెడోకు 65 సెకన్లు పట్టేది. పది నాట్ల వేగంతో పోతున్న సరకు ఓడ ఆ 65 సెకన్లలో 300 మీటర్లకు పైగా ముందుకు జరుగుతుంది. కాబట్టి గురి పెట్టే అధికారి ఓడ వేగాన్ని, దిశను మరింత కచ్చితంగా అంచనా వేయాల్సి వచ్చేది. లెక్క కొద్దిగా తప్పినా టార్పెడో ఓడ వెనుక ఖాళీ నీటిలోంచి పోయేది.

బ్యాటరీకి చలి పడదు. చలికాలం తెల్లవారుజామున ట్రాక్టర్ బ్యాటరీ మొరాయించినట్లే, ఉత్తర అట్లాంటిక్ చన్నీళ్లలో జీ7ఈ బలహీనపడేది. వేడి చేయకుండా వదిలితే 28 నాట్ల వేగంతో 3,000 మీటర్లే పోయేది. పూర్తి శక్తి రావాలంటే బ్యాటరీని ముందుగానే సుమారు 30 డిగ్రీల సెల్సియస్ దాకా వెచ్చబెట్టాలి. పైగా సీసం బ్యాటరీ వాడినా వాడకపోయినా నెమ్మదిగా శక్తి కోల్పోతుంది. అందుకే ప్రతి కొద్ది రోజులకూ టన్నున్నర బరువున్న టార్పెడోను గొలుసులతో, కప్పీలతో దాన్ని వదిలే గొట్టం నుంచి వెనక్కి లాగి, ఛార్జింగ్ చేసి, ఆమ్లం చూసి, మళ్లీ లోపలికి తోయాలి. టార్పెడో గదే నావికులు పడుకునే గది కూడా. పని మొదలైతే మంచాలు మడిచి పక్కన పెట్టాల్సిందే. ఊగే పడవలో, గాలి ఆడని చోట, నెలల తరబడి ఈ పని చేసిన టార్పెడో మెకానిక్‌ల పేర్లు చరిత్ర పుస్తకాలలో కనిపించవు. అయితే విద్యుత్ టార్పెడో తగిలిన ప్రతి చోటా సగం గెలుపు వాళ్లది. కష్టం ఇంత ఉన్నా దీన్ని ఎంచుకోవడానికి జాడ లేకపోవడంతో పాటు మరో కారణం ఉంది. సన్నని పనితనం కోరే ఇంజన్ అక్కర్లేదు కాబట్టి దీన్ని తక్కువ శ్రమతో, తక్కువ ఖర్చుతో తయారు చేయవచ్చు. వేల సంఖ్యలో ఆయుధాలు కావలసిన యుద్ధంలో అది పెద్ద లాభం.

1939 అక్టోబర్ 14 తెల్లవారుజామున జర్మన్ జలాంతర్గామి యూ-47 స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న స్కాపా ఫ్లో నౌకాశ్రయంలోకి చొరబడింది. లంగరు వేసి ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక రాయల్ ఓక్ మీద కెప్టెన్ గుంటర్ ప్రీన్ టార్పెడోలు వదిలాడు. మొదటి వరుసలో ఒక్కటి మాత్రం ఓడ ముక్కుకు తగిలింది. లోపలే ఏదో పేలిందని బ్రిటిష్ నావికులు అనుకున్నారు. జాడ కనపడలేదు కాబట్టి జలాంతర్గామి వచ్చిందన్న అనుమానం వాళ్లకు కలగలేదు. ప్రీన్ తాపీగా గొట్టాలు మళ్లీ నింపుకొని మరోసారి దాడి చేశాడు. ఈసారి మూడు తగిలాయి. నిమిషాల వ్యవధిలో ఓడ తిరగబడింది. 800 మందికి పైగా చనిపోయారు. జర్మనీ దగ్గర విద్యుత్ టార్పెడో ఉందన్న సంగతి, అడుగున దొరికిన ముక్కలను పరిశీలించాకనే బ్రిటన్‌కు రూఢిగా తెలిసింది.

ఆ విజయం చూసి ఆయుధం పరిపూర్ణమని అనుకుంటే పొరపాటు. 1940 ఏప్రిల్‌లో నార్వే తీరంలో జర్మన్ జలాంతర్గాములు బ్రిటిష్ యుద్ధనౌకల మీద వరుసగా దాడి చేసి వరుసగా విఫలమయ్యాయి. ఓడ ఇనుము వల్ల మారే అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టి పేలాల్సిన యంత్రం కొన్నిసార్లు ముందే పేలింది, కొన్నిసార్లు అసలు పేలలేదు. చాలా టార్పెడోలు నిర్ణయించిన లోతు కంటే కిందుగా పోయి ఓడ అడుగు నుంచి దాటిపోయాయి. లోతు లోపానికి మూలకారణం 1942 మొదట్లో గాని దొరకలేదు. నీటి కింద ఎక్కువసేపు ఉన్న జలాంతర్గామి లోపల గాలి ఒత్తిడి పెరుగుతుంది. ఆ గాలి టార్పెడోలోని లోతును కొలిచే గదిలోకి కారి, దాని లెక్క తప్పిస్తోంది. రెండేళ్లకు పైగా నావికుల ప్రాణాలను పణంగా పెట్టించిన లోపం సరిగ్గా బిగుసుకోని ఒక గది అన్నమాట. శాంతికాలంలో సరైన పరీక్షలు చేసి ఉంటే అది అప్పుడే బయటపడేది. టార్పెడో చరిత్రలో ఒకటి కంటే ఎక్కువ దేశాలు ఈ తప్పు చేశాయి. ఖరీదైన ఆయుధాన్ని పరీక్షల్లో వృథా చేయడం ఎందుకన్న పిసినారితనం, యుద్ధం వచ్చాక అంతకు ఎన్నో రెట్లు వసూలు చేసుకుంది.

విద్యుత్ మోటారు పెద్దగా చప్పుడు చేయదు. ఆ గుణం మరో ఆవిష్కరణకు దారి తీసింది. టార్పెడో తానే నిశ్శబ్దంగా పోతే, ముక్కులో చెవులు పెట్టి ఎదుటి ఓడ ప్రొపెల్లర్ చప్పుడును దానికి వినిపించవచ్చు, ఆ చప్పుడు వైపు చుక్కానిని తిప్పించవచ్చు. హోరుమనే ఇంజన్ ఉన్న టార్పెడోతో అప్పట్లో ఇది సాధ్యమయ్యేది కాదు. 1943లో జర్మనీ చప్పుడు వెంట పోయే ఇలాంటి తొలి హోమింగ్ టార్పెడోను 20 నాట్ల వేగంతో రంగంలోకి దించింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో 24 నాట్ల వేగం గల టీ5 వచ్చింది. వేగం ఇంకా తగ్గించడం చెవుల కోసమే. సొంత హోరు ఎక్కువైతే శత్రువు చప్పుడు వినబడదు.

టీ5 మొదటి పెద్ద పోరాటం అట్లాంటిక్‌లో ఓఎన్ఎస్-18, ఓఎన్-202 అనే కాన్వాయ్‌ల (రక్షక నౌకల కాపలాలో సాగే సరకు ఓడల గుంపుల) మీద జరిగింది. సెయింట్ క్రాయ్, పాలియాంథస్, ఇచెన్ అనే మూడు రక్షక నౌకలు మునిగాయి, లాగన్ బాగా దెబ్బతింది. జర్మన్లు మాత్రం పన్నెండు మునిగాయని లెక్క రాసుకున్నారు. కారణం ఉంది. టీ5 వదిలాక అది తిరిగి తమ చప్పుడు వైపే రాకుండా జలాంతర్గామి వెంటనే 60 మీటర్ల లోతుకు దిగి మౌనంగా ఉండాలి. ఫలితం కళ్లతో చూసే వీలు లేదు, పేలుడు వినడమే. దూరం అయిపోయి పేలినదీ, ఓడ వెనుక నురగలో పేలినదీ అన్నీ విజయాల కింద జమ పడ్డాయి. అటువైపు విరుగుడు త్వరగానే వచ్చింది. ఒకదానితో ఒకటి గణగణ కొట్టుకునే ఇనుప గొట్టాలను తాళ్లకు కట్టి ఓడ వెనుక దూరంగా లాగడం. ఫాక్సర్ అని పేరు పెట్టిన ఈ సాధనం ప్రొపెల్లర్ల కంటే ఎక్కువ చప్పుడు చేసి టార్పెడోను తన వైపు లాక్కునేది. అయితే ఆ గోలలో రక్షక నౌకకు శబ్దంతో జలాంతర్గామిని వెతికే తన సోనార్ కూడా సరిగా వినబడేది కాదు. అలా దాడికి, మోసానికి మధ్య మొదలైన పోటీ నేటికీ ఆగలేదు.

1944 జులైలో ఫిన్లాండ్ సింధుశాఖలో సోవియట్ దళాలు యూ-250ని ముంచాయి. సెప్టెంబర్‌లో దాన్ని పైకి తీస్తే లోపల టీ5 టార్పెడోలు దొరికాయి. యుద్ధం ముగిశాక సోవియట్ ఇంజనీర్లు ఆ నమూనా ఆధారంగా 1950లో సేట్-50 అనే విద్యుత్ టార్పెడో తెచ్చారు. తర్వాత వచ్చిన సోవియట్ విద్యుత్ హోమింగ్ టార్పెడోలన్నిటికీ ఆ అనుభవమే పునాది. బాల్టిక్ బురదలో దొరికిన ఈ వారసత్వం పాతికేళ్లలోపే బంగాళాఖాతం దాకా వచ్చింది.

అమెరికా కథ ఇంకోలా నడిచింది. ఆ దేశపు మార్క్-14 ఆవిరి టార్పెడో యుద్ధం మొదటి రెండేళ్లు తీవ్రమైన లోపాలతో నావికులను విసిగించింది. 1942 ప్రారంభంలో గురి తప్పి అమెరికా తీరానికి చేరిన జర్మన్ విద్యుత్ టార్పెడోలు చేతికి చిక్కాయి. వెస్టింగ్‌హౌస్ కంపెనీ వాటిని చూసి నెలల్లోనే మార్క్-18ను తయారు చేసింది. వేగం 29 నాట్లు, దూరం 4,000 గజాలు. తయారీ తొందరగా అయినా అధికారుల అలసత్వం వల్ల పోరాటానికి రావడానికి 1943 సెప్టెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. వాహూ అనే జలాంతర్గామి దాన్ని మొదట తీసుకెళ్లింది. 1944లో వాడకం పెరిగింది. యుద్ధం చివరికి అమెరికన్ జలాంతర్గాములు వదిలే టార్పెడోలలో ఎక్కువ భాగం ఇవే. జపాన్ సరకు ఓడల మీద కావలివాళ్లు గీత కోసం వెతికేవారు. ఆ గీత ఇక ఉండేది కాదు.

కొత్త ఆయుధంతో కొత్త ప్రమాదాలూ వచ్చాయి. ఛార్జింగ్ సమయంలో సీసం బ్యాటరీ హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. మూసిన టార్పెడో లోపల అది పోగుపడితే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే వేడి తీగతో ఆ వాయువును కొద్దికొద్దిగా కాల్చేసే ఏర్పాటు చేశారు. అయినా జలాంతర్గాముల్లో బ్యాటరీలు అంటుకున్న సందర్భాలు ఉన్నాయి. చుక్కాని యంత్రం మొరాయిస్తే మరింత ఘోరం. 1944 అక్టోబర్ 25 తెల్లవారుజామున తైవాన్ జలసంధిలో టాంగ్ అనే అమెరికా జలాంతర్గామి తన 24వ, ఆఖరి టార్పెడోను వదిలింది. అది ఎడమకు తిరిగి, గుండ్రంగా చుట్టి వచ్చి, టాంగ్ వెనుక భాగాన్నే కొట్టింది. 87 మందిలో 78 మంది చనిపోయారు. కెప్టెన్ రిచర్డ్ ఓకేన్‌తో సహా తొమ్మిది మంది బతికి జపాన్ చెరలో పడ్డారు. అమెరికా జలాంతర్గాములలో అత్యంత విజయవంతమైన వాటిలో ఒకటి ఇలా తన ఆయుధానికే బలైంది.

ఆ యుద్ధపు సెగ తెలుగు తీరానికీ తగిలింది. 1942 ఏప్రిల్ మొదటి వారంలో జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చి సరకు ఓడలను వేటాడింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద విమానాలు బాంబులు వేశాయి. 1943 నుంచి జర్మన్ జలాంతర్గాములు మలయాలోని పెనాంగ్ స్థావరంగా హిందూ మహాసముద్రంలో తిరిగాయి. అట్లాంటిక్‌లో చలి చేసిన పనిని ఇక్కడ వేడి, తేమ చేశాయి. ఉష్ణమండలంలో ఎక్కువ కాలం నిల్వ ఉన్న టార్పెడోలు బలహీనపడి వైఫల్యాలు పెరిగాయి. మన సముద్రాలకు తగిన విద్యుత్ టార్పెడో ఇక్కడి నీటిలోనే పరీక్షకు నిలవాలన్న సంగతి ఆనాటి అనుభవంలోనే ఉంది.

భారత నౌకాదళానికి తొలి జలాంతర్గామి ఐఎన్ఎస్ కల్వరి. 1967 డిసెంబర్ 8న సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో సేవలో చేరి 1968లో విశాఖపట్నం చేరింది. దాని వెంట ఖందేరి, కరంజ్, కుర్సురా వచ్చాయి. ఇవి ఫాక్స్‌ట్రాట్ తరగతివి. ముందు ఆరు, వెనుక నాలుగు, మొత్తం పది టార్పెడో గొట్టాలు. లోపల 22 టార్పెడోలకు చోటు. సోవియట్ 'సెట్' వరుసలోని విద్యుత్ హోమింగ్ టార్పెడోలను ఈ తరగతి మోయగలదు. 1971 మేలో ఐఎన్ఎస్ వీరబాహు పేరుతో విశాఖలో జలాంతర్గాముల స్థావరం ప్రారంభమైంది. తర్వాత జలాంతర్గామి నావికుల శిక్షణకు ఐఎన్ఎస్ శాతవాహన ఏర్పడింది. కుర్సురా 2001 ఫిబ్రవరిలో సేవ ముగించుకొని 2002 ఆగస్టు నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడవైన ఆ నౌకలో ముందు గదిలోకి అడుగుపెడితే ఆరు గొట్టాల మూతలు, వాటి పక్కనే ఇరుకైన పడకలు కనిపిస్తాయి. టార్పెడోతో కలిసి బతకడం అంటే ఏమిటో ఏ పుస్తకం కంటే ఆ గది బాగా చెబుతుంది.

వీరబాహు మొదలైన ఏడాదే పాకిస్తాన్‌తో యుద్ధం విశాఖ గుమ్మంలోకి వచ్చింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ 1971 నవంబర్ 14న కరాచీ నుంచి బయలుదేరింది. ఘాజీ పాత పేరు డయాబ్లో. 1945 మార్చిలో అమెరికా నౌకాదళంలో చేరిన నౌక, అంటే టాంగ్‌కు సమకాలీన తరం. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖ రేవు ముఖద్వారం బయట భారీ పేలుడు జరిగి ఘాజీ సిబ్బందితో సహా మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ డిస్ట్రాయర్ వేసిన డెప్త్ ఛార్జీల (నీటి లోతున పేలే బాంబుల) వల్లనని భారత నౌకాదళం, అది అమర్చుతున్న మైన్ల ప్రమాదం వల్లనని పాకిస్తాన్ చెబుతాయి. బ్యాటరీల ఛార్జింగ్‌లో పోగైన హైడ్రోజన్ పేలి ఉండవచ్చన్న వాదన కూడా నిపుణుల్లో ఉంది. 2017లో వచ్చిన 'ఘాజీ' తెలుగు సినిమా చూసినవారు భారత జలాంతర్గామి టార్పెడోతో ఘాజీని ముంచిందని నమ్మే అవకాశం ఉంది. అది కల్పన. ఆ రాత్రి ఘాజీతో ఏ భారత జలాంతర్గామీ తలపడలేదు.

టార్పెడో నిజంగా పని చేసింది పశ్చిమ తీరంలో, మనకు వ్యతిరేకంగా. 1971 డిసెంబర్ 9 రాత్రి డయ్యూకు దూరంగా పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ఫ్రెంచి హోమింగ్ టార్పెడోతో ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలకుండా దానితోనే మునిగిపోయాడు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జలాంతర్గామి యుద్ధంలో ఒక ఓడను ముంచడం అదే మొదటిసారి. నీటి కింది ముప్పును గుర్తించే సాధనాలు, దానికి బదులు చెప్పే ఆయుధాలు సొంతంగా ఉండాలన్న పట్టుదలకు ఖుక్రీ నష్టం బలమైన కారణమైంది.

విద్యుత్ టార్పెడో మీద అప్పటికీ పూర్తి నమ్మకం కుదరలేదు. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ అణు జలాంతర్గామి కాంకరర్ దగ్గర టైగర్‌ఫిష్ అనే ఆధునిక విద్యుత్ టార్పెడోలు ఉన్నాయి. కెప్టెన్ మాత్రం విద్యుత్‌తో నడవని పాతకాలపు మార్క్-8 టార్పెడోను ఎంచుకొని అర్జెంటీనా నౌక జనరల్ బెల్‌గ్రానోను ముంచాడు. అదే యుద్ధంలో అర్జెంటీనా జలాంతర్గామి సాన్ లూయిస్ జర్మనీలో తయారైన ఎస్ఎస్‌టీ-4 విద్యుత్ టార్పెడోలను బ్రిటిష్ నౌకల మీద వదిలింది. ఒక్కటీ ఫలించలేదు. జలాంతర్గామి నుంచి టార్పెడోను నడిపించే తీగ తెగడం లాంటి లోపాలే అందుకు కారణమయ్యాయి. కొన్న ఆయుధాన్ని తయారుచేసిన దేశం వచ్చి బాగు చేసేదాకా యుద్ధం ఆగదు.

ఆయుధాన్ని ఇక్కడే తయారు చేసే ప్రయత్నానికి కేంద్రం నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ (డీఆర్‌డీఓ) పరిధిలోని ఈ సంస్థ 1969 ఆగస్టు 20న విశాఖపట్నంలో మొదలైంది. నమూనాలను లాగి పరీక్షించే పొడవైన నీటి కాలువ, ప్రొపెల్లర్ దగ్గర బుడగలు పుట్టే తీరును గమనించే టన్నెల్ లాంటి సదుపాయాలు అందులో సమకూరాయి. బుడగల పరీక్ష ఎందుకంటే, బ్యాటరీతో నడిచే టార్పెడో పొగ వదలకపోయినా ప్రొపెల్లర్ అతివేగంగా తిరిగితే నీరే మరిగినట్లై బుడగలు పుడతాయి. వాటి చప్పుడు టార్పెడోను పట్టిస్తుంది, దాని చెవులనూ చెడగొడుతుంది.

ఈ ప్రయోగశాల నుంచి మొదట సేనకు చేరిన పెద్ద ఫలితం తేలికపాటి టార్పెడో శ్యేన. 220 కిలోల బరువు, 33 నాట్ల వేగం. నౌకల నుంచి, హెలికాప్టర్ల నుంచి జలాంతర్గాముల మీద వేసేందుకు తయారైంది. 2012లో నౌకాదళానికి అందింది, 2019లో మయన్మార్‌కు ఎగుమతి అయింది. దీని బ్యాటరీ పద్ధతి ముచ్చటైనది. మెగ్నీషియం, సిల్వర్ క్లోరైడ్ పలకలు పొడిగా ఉంటాయి. సముద్రంలో పడగానే ఉప్పునీరు లోపలికి చేరి, ఆ నీటితోనే కరెంటు పుడుతుంది. నిల్వలో శక్తి కారిపోయే బెడద లేదు. కొద్ది రోజులకోసారి టార్పెడోను గొట్టం నుంచి లాగి ఛార్జింగ్ చేసిన జర్మన్ మెకానిక్ దీన్ని చూసి ఉంటే ప్రాణం లేచొచ్చేది.

జలాంతర్గామి గొట్టానికి సరిపోయే పరిమాణంలో వచ్చినది వరుణాస్త్ర. సుమారు టన్నున్నర బరువు, 250 కిలోల వార్‌హెడ్ (పేలుడు భాగం), 40 నాట్ల వేగం. అంటే గంటకు 74 కిలోమీటర్లు. ఇందులో సిల్వర్ ఆక్సైడ్-జింక్ బ్యాటరీలు వాడారు. అదే బరువుకు సీసం బ్యాటరీ కంటే ఇవి ఎన్నో రెట్ల శక్తినిస్తాయి, అంత శక్తినీ నిమిషాల్లో ఇవ్వగలవు. జీ7ఈకి అందని వేగం దీనికి అందడానికి ముఖ్య కారణం ఇదే. వెండి ధరే దీని భారం. 2016 జూన్ 29న అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ వరుణాస్త్రను నౌకాదళానికి అప్పగించారు. 2019 జూన్‌లో భారత్ డైనమిక్స్ లిమిటెడ్ సంస్థకు సుమారు 1,188 కోట్ల రూపాయల ఆర్డరు దక్కింది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఆ సంస్థ విశాఖ యూనిట్‌లో తయారైన తొలి వరుణాస్త్రను 2020 నవంబర్ 21న అప్పటి డీఆర్‌డీఓ ఛైర్మన్, నెల్లూరు జిల్లాకు చెందిన జి. సతీష్‌రెడ్డి జెండా ఊపి పంపారు. 2023 జూన్ 6న అసలు వార్‌హెడ్‌తో నీటి కింది లక్ష్యాన్ని అది ఛేదించింది.

ఈ ఫలితాల వెనుక పరీక్షల పని చాలా ఉంది. టార్పెడోను విశాఖ తీరానికి దూరంగా సముద్రంలో వదులుతారు. పేలుడు పదార్థం ఉండాల్సిన చోట వేగం, లోతు, దిశ నమోదు చేసే పరికరాలు ఉంటాయి. పరుగు ముగిశాక టార్పెడో పైకి తేలుతుంది, ఓడ వెళ్లి దాన్ని వెతికి పట్టుకొస్తుంది. ఈ పని కోసమే ఐఎన్ఎస్ అస్త్రధారిణి అనే 50 మీటర్ల ఓడ 2015 అక్టోబర్ 6న విశాఖలో సేవలో చేరింది. అంతకుముందు ఆ బాధ్యత అస్త్రవాహినిది. తేలిన టార్పెడో ఎక్కడుందో చెప్పడానికి వరుణాస్త్రలో జీపీఎస్ కూడా పెట్టారు. జర్మనీ, అమెరికాలు పరీక్షలకు ఆయుధాలు ఖర్చు చేయడానికి వెనకాడి యుద్ధంలో మూల్యం చెల్లించాయి. ఒకే టార్పెడోను తిరిగి పట్టుకొచ్చి మళ్లీ మళ్లీ పరీక్షించే ఈ ఏర్పాటు ఆ తప్పుకు సరైన జవాబు.

ఫాక్సర్ వారసత్వాన్నీ ఈ ప్రయోగశాల అందుకుంది. వచ్చే టార్పెడోను పసిగట్టి, నీటిలో నకిలీ శబ్దాలతో దారి మళ్లించే మారీచ్ వ్యవస్థ 2020లో నౌకాదళానికి చేరింది. దాడి చేసే ఆయుధాన్నీ, దాన్ని ఏమార్చే సాధనాన్నీ ఒకే ఊళ్లో తయారు చేయడం వల్ల ఒకదాని లోపం మరొకదానికి పాఠమవుతుంది.

వరుణాస్త్ర ఇంతవరకు ప్రధానంగా యుద్ధనౌకల ఆయుధం. మన జలాంతర్గాములు విదేశీ టార్పెడోలనే మోస్తూ వచ్చాయి. 1986లో చేరిన శిశుమార్‌తో జర్మన్ ఎస్‌యూటీ విద్యుత్ టార్పెడో వచ్చింది. 2017 నుంచి చేరిన స్కార్పీన్ తరగతి కొత్త కల్వరి జలాంతర్గాములకు అనుకున్న ఇటలీ టార్పెడో కొనుగోలు ఆగిపోవడంతో వాటికీ ఎస్‌యూటీయే దిక్కయింది. ఈ లోటు తీర్చడానికి డీఆర్‌డీఓ జలాంతర్గాముల కోసం ఎలక్ట్రానిక్ హెవీ వెయిట్ టార్పెడోను అభివృద్ధి చేస్తోంది. దాన్ని కల్వరి తరగతి జలాంతర్గాముల్లో అమర్చేందుకు రక్షణ మంత్రిత్వ శాఖ 2024 డిసెంబర్ 30న ఫ్రాన్స్‌కు చెందిన నావల్ గ్రూప్‌తో సుమారు 877 కోట్ల రూపాయల ఒప్పందం కుదుర్చుకుంది.